హీటరుకు చోటెక్కడ?

కిట్ కారు అంటే మన పాఠకుల్లో చాలామందికి కొత్త మాటే. కారును కారుగా కాకుండా పెట్టెల్లో సర్ది అమ్ముతారు: ఒక చాసీ, సస్పెన్షన్ భాగాలు, అల్యూమినియం రేకులు, వైర్ల కట్ట, నట్లూ బోల్టులూ నింపిన సంచులు. ఇంజన్ కొత్తది కొనుక్కుంటారో, పాత కారులోంచి పీక్కొస్తారో మీ ఇష్టం. బిగించుకోవడం మాత్రం మీ పనే. నేనుండే ఇంగ్లండు మిడ్‌లాండ్స్‌లో గ్యారేజీ తలుపు సగం ఎత్తి, లోపల ఈ పనిలో మునిగినవాళ్లు అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటారు.

నాది లోటస్ సెవెన్ తరహా కారు. పైకప్పు లేదు, తలుపులు లేవు. వానొస్తే తొడగడానికి ఒక గుడ్డ టాపు, పక్కలకు మెత్తటి ప్లాస్టిక్ కిటికీలు. నంబర్ ప్లేటు వచ్చింది, రోడ్డెక్కింది, చూసినవాళ్లంతా బాగుందన్నారు. హీటరు మాత్రం లేదు. కావాలనే పెట్టలేదు. ఈ కార్లవాళ్లది ఒక మతం. బరువు తగ్గించడమే పుణ్యం, పెంచేది ఏదైనా పాపం. నేనూ అందులో తీర్థం పుచ్చుకున్నవాణ్ణే. నవంబరు రాగానే మా ఆవిడ, “మీరు కారులో పదండి, నేను బస్సులో వస్తాను” అంది. దాంతో మతం మార్చుకోక తప్పలేదు.

ఈ మతానికి మూలపురుషుడు కోలిన్ చాప్‌మన్. ఆయన లోటస్ సెవెన్ 1957లో వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో పూర్తిగా బిగించిన కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ కట్టాలి, విడిభాగాలుగా కొంటే అక్కర్లేదు. అయితే భాగాలతోపాటు బిగించే విధానం రాసివ్వకూడదనే మెలిక ఒకటి ఉండేదట. చాప్‌మన్ తెలివిగా కారును ఎలా విప్పాలో రాసిచ్చేవాడని, కొన్నవాళ్లు ఆ కాగితాన్ని చివరి నుంచి మొదటికి చదువుతూ బిగించుకునేవారని ఇక్కడ అందరూ చెప్పుకునే కథ. 1973లో వ్యాట్ రావడంతో ఆ లాభం పోయింది. అదే ఏడు లోటస్ నుంచి సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వచ్చాయి. పన్ను లాభం పోయినా అలవాటు పోలేదు. నేటికీ కిట్లు అమ్ముతున్నారు, కొంటున్నారు.

హీటరు పెట్టడానికి కూర్చున్నాక నాకా కథ వేరేలా అర్థమైంది. ఆ కాగితాన్ని ఇప్పుడు సరైన వరసలోనే చదవాలి! స్టీరింగ్ విప్పాలి, డాష్‌బోర్డ్ విప్పాలి, మీటర్ల వెనక ప్లగ్గులు పీకాలి, స్కటిల్ అనే ముందు రేకు లేపాలి. టైల్స్ వేయించేశాక బాత్రూములో గీజరుకు పైపు లాగించుకున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. కిట్‌తో వచ్చిన పుస్తకంలో ప్రతి బోల్టుకీ ఒక పేజీ ఉంది కానీ, పూర్తయిన కారులో కొత్త వస్తువు ఎక్కడ పట్టించాలో చెప్పే పేజీ లేదు. అందుకే నా లెక్కలో కిట్ బిగించడం ఒక ఎత్తు, హీటరు పెట్టడం ఒక ఎత్తు. మొదటిదానికి ఓపిక చాలు. రెండోదానికి మన కారు మనకు తెలిసుండాలి.

ఇలాంటి కారు హీటరులో మంట ఉండదు, కాయిల్ ఉండదు. చిన్న రేడియేటర్ ఒకటి, దాని వెనక ఫ్యాన్ ఒకటి, అంతే. ఇంజన్ చుట్టూ తిరిగి తొంభై డిగ్రీల దాకా కాగిన కూలెంట్‌లో కొంత ఈ చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది, ఫ్యాన్ ఆ వేడిని క్యాబిన్‌లోకి తోస్తుంది. ఘాట్ రోడ్డులో ఇంజన్ వేడెక్కితే ఏసీ ఆపి హీటరు ఫుల్లుగా పెట్టమని మన డ్రైవర్లు చెప్పేది ఇందుకే. చెమటలు పడతాయి గానీ ఇంజన్‌కు రెండో రేడియేటర్ దొరికినట్టే. పైగా ఈ వేడి ఖర్చులేనిది. హీటరు ఉన్నా లేకున్నా ముందున్న రేడియేటర్ గుండా గాల్లో కలిసిపోయేదే.

సూత్రం ఇంత తేలికే. చిక్కంతా పైపుల దగ్గర. చాలా ఇంజన్లలో హీటరు దారి ఇంకో పని కూడా చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మూసుకునే ఉంటుంది. అప్పుడు కూడా నీళ్లు ఇంజన్‌లో తిరుగుతూ ఉండడానికి ఈ దారే ఆధారం. మామూలు వాల్వ్ ఒకటి కొనుక్కొచ్చి అందులో బిగించి, ఎండాకాలం దాన్ని మూసేశామనుకోండి, ఆ ప్రవాహం ఆగిపోతుంది. కాగిన నీరు థర్మోస్టాట్ దాకా సమయానికి చేరదు, అది ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈలోగా ఇంజన్‌లో ఏదో ఒక మూల మరిగిపోవచ్చు. అందుకే నాలుగు నోళ్ల బైపాస్ వాల్వ్ వాడాలి. హీటరు వైపు మూస్తే నీటిని అటునుంచి అటే వెనక్కి తిప్పి పంపిస్తుంది. ఆ వాల్వ్ కూడా ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌నీ క్యాబిన్‌నీ విడదీసే రేకుకు, ఇంజన్ వైపే ఉండాలి. కారిందంటే రోడ్డు మీద కారాలి, మన కాళ్ల మీద కాదు.

ఇక హోసులు దూర్చడానికి ఆ రేకుకు కన్నాలు వేయడం. ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. రేకుకు అటువైపు బ్రేకు పైపు ఉందో, వైర్ల కట్ట ఉందో తడిమి చూసుకోవాలి. డ్రిల్ బిట్ జారి లోపలికి దూసుకుపోకుండా దానికి అడ్డు బిగించుకోవాలి. చిన్న కన్నంతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెద్దది చేయాలి. రాలే అల్యూమినియం పొట్టుకు అయస్కాంతం పనికిరాదు. బిట్‌కు గ్రీజు పూస్తే చాలావరకు దానికే అంటుకుంటుంది, మిగిలింది వ్యాక్యూమ్‌తో లాగేయాలి. కన్నం అంచు మీద వేలు పెట్టి చూడండి, బ్లేడులా ఉంటుంది. ఆకురాయితో అరగదీసి, రబ్బరు గ్రోమెట్ తొడిగాకే హోసు దూర్చాలి. లేకపోతే ఇంజన్ అదురుకు ఆ అంచు కొంచెం కొంచెంగా కోస్తుంది. తెగిన రోజు క్యాబిన్‌లో మరిగే నీళ్లు.

వైరింగ్ పెద్ద విషయం కాదు. ఫ్యాన్‌కు విడిగా ఒక ఫ్యూజు, మంచి ఎర్త్, తగినంత మందం వైరు ఉంటే చాలు.

తర్వాత కూలెంట్ నింపి ఇంజన్ స్టార్ట్ చేశాను. డాష్‌బోర్డ్ వెనక గుడగుడ, హీటరులోంచి చల్లగాలి. రెండు హోసుల మీదా చెయ్యి వేస్తే ఒకటి కాలిపోతోంది, రెండోది చల్లగా ఉంది. లోపల గాలి చిక్కుకుందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు. సెవెన్‌లో ముక్కు కిందికి, హీటరు పైకి ఉంటాయి కాబట్టి గాలి వచ్చి సరిగ్గా హీటరులోనే చేరుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు హీటరుకన్నా ఎత్తులో ఉండేలా కారు ముందు భాగాన్ని జాక్ మీద లేపాను. వాల్వ్ తెరిచిపెట్టి, హోసులను పిసుకుతూ, నెమ్మదిగా నింపుతూ పోతే గాలి బుడగలు బుడగలుగా బయటికొచ్చింది. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత ముట్టుకోకూడదు, ముఖం కాలుతుంది. శుభ్రమైన నీళ్లు, యాంటీఫ్రీజ్ సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. తీపిగా ఉండే విషం కాబట్టి ఒలికిన చుక్క కూడా పిల్లలకూ పిల్లులకూ అందకుండా తుడిచేయాలి.

హీటరు సుకుమారుల సరదా అని మా మతస్థులు వెక్కిరిస్తారు. నేను ఒప్పుకోను. ఇక్కడ కొత్తగా కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే తనిఖీ పరీక్ష గట్టెక్కాలి. ముందు అద్దం ఉంటే దానిమీది ఆవిరి, మంచు తొలగించే ఏర్పాటు చూపించాలి. చాలామందిలాగే నేనూ సన్నటి తీగలతో వేడెక్కే అద్దం పెట్టి గట్టెక్కాను. అద్దం సంగతి సరే, పక్కనున్న ప్లాస్టిక్ కిటికీల మాటేమిటి? తడిసిన కోట్లతో ఇద్దరు కూర్చుని టాపు మూస్తే కూడలిలో పక్కనుంచి వచ్చే బండి కనబడదు. దీనికి క్యాబిన్ గాలినే తిప్పే చౌక హీటరు పనికిరాదు. మన ఊపిరిలోని తేమనే వేడిచేసి మళ్లీ కిటికీలకు కొడుతుంది. బయటి గాలి పీల్చుకునేదే పెట్టాలి. ఆ గాలి కూడా ఇంజన్ గదిలోంచి కాకుండా శుభ్రమైన చోటునుంచి గొట్టం ద్వారా రావాలి. లేదంటే సైలెన్సర్ గొట్టం ఎక్కడైనా లీకైతే ఆ పొగే నేరుగా ముక్కులోకి వస్తుంది.

కిట్ ఇంకా పెట్టెల్లోనే ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. హీటరు ఇప్పుడే వద్దనుకున్నా సరే, డాష్‌బోర్డ్ బిగించకముందే ఫైర్‌వాల్‌లో రెండు కన్నాలు వేసి రబ్బరు మూతలు పెట్టేయండి. ఫ్యూజు బాక్సులో ఒక గడి ఖాళీగా ఉంచండి. బరువంటారా, కన్నం పెడితే రేకు బరువు తగ్గుతుందే గానీ పెరగదు.