గోడ దాటిన తరంగం, దాటని సిలబస్

1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా టౌన్ హాల్లో జనం ముందు ఒక ప్రయోగం చేసి చూపించాడు. తీగ లేకుండా పంపిన విద్యుత్ తరంగం గోడలు దాటి వెళ్లి, అవతల గదిలో గంట మోగించింది. మరుసటి ఏడాది అదే మనిషి బెంగాలీలో ఒక కథ రాశాడు. కలకత్తా మీదికి రావాల్సిన తుఫాను ఎలా మాయమైందో శాస్త్రజ్ఞులకు అంతుపట్టదు. చివరికి చూస్తే, ఓడలో వెళ్తున్న ఒకాయన సముద్రంలోకి విసిరిన తలనూనె సీసా దాన్ని చల్లార్చింది! ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీలో ఆ కథకి మొదటి బహుమతి వచ్చింది. తర్వాత దాన్ని పెంచి రాసి, 1921లో 'అవ్యక్త' అనే తన బెంగాలీ పుస్తకంలో చేర్చుకున్నాడు. మిల్లీమీటర్ తరంగాలతో కుస్తీ పట్టేవాడు తలనూనె కథ రాయడమేంటని ఆయనకి అనిపించినట్టు లేదు.

మనకి అనిపిస్తుంది. ఎందుకంటే మనం చూసిన యూనివర్సిటీల్లో వైర్‌లెస్ ఒక బిల్డింగు, భాషా సంస్కృతులు ఇంకో బిల్డింగు, మధ్యలో క్యాంటీన్. ఇలా కాక ఇంకెలా ఉంటుంది అనుకుంటాం. కానీ ఈ రెండు చదువులూ దాదాపు ఒకేసారి, ఒకే చోట, ఒకే మనిషి చలవతో ఊపిరి పోసుకున్న సందర్భం ఒకటుంది. అది కూడా కలకత్తాలోనే.

ఆశుతోష్ ముఖర్జీ పట్టుదలతో కలకత్తా విశ్వవిద్యాలయం 1919లో దేశభాషల్లో ఎమ్మే మొదలుపెట్టింది. 'ఇంట్లో మాట్లాడుకునే భాషకి ఎమ్మే ఎందుకు' అనుకునే రోజుల్లో అది చిన్న విషయం కాదు. సి.వి. రామన్‌నీ, సర్వేపల్లి రాధాకృష్ణన్‌నీ అక్కడికి ప్రొఫెసర్లుగా రప్పించింది కూడా ఆయనే. బెంగాలీ వైపు దినేశ్ చంద్ర సేన్ ఉన్నాడు. చంద్రకుమార్ దే అనే పేద పల్లెటూరి మనిషికి యూనివర్సిటీ చేత జీతం ఇప్పించి, మైమన్‌సింగ్ పల్లెల్లో రైతులూ పడవవాళ్లూ పాడుకునే కథాగేయాలు సేకరింపజేశాడు. ఆ గేయాలు 'మైమన్‌సింగ గీతిక'గా 1923లో అచ్చయ్యాయి. సరిగ్గా అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి శిశిర్ కుమార్ మిత్ర తిరిగొచ్చి అదే యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరాడు. వైర్‌లెస్‌ని ఎమ్మెస్సీ పాఠంగా పెట్టాలని ఫ్రాన్స్ రోజుల్లోనే ఆశుతోష్‌కి ఉత్తరం రాసి, అన్నట్టే పెట్టించాడు. 1949కల్లా అది రేడియో ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ పేరుతో సొంత విభాగమైంది. ఇంకో సరదా సంగతి: రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పి పంపే పై వాతావరణం మీద మిత్ర రాసిన పెద్ద పుస్తకాన్ని 1947లో అచ్చువేసింది ఏ ఇంజనీరింగ్ ప్రచురణ సంస్థో కాదు, సంస్కృత, పారశీక గ్రంథాల పరిశోధనకి పేరుపడ్డ ఏషియాటిక్ సొసైటీ.

ఇంత దగ్గర్లో పెరిగినా ఈ రెండు చదువులూ ఒకదానినుంచి ఒకటి ఏమీ నేర్చుకోలేదు. నా ఫిర్యాదు అదే.

మైమన్‌సింగ్ గేయాల విషయమే తీసుకోండి. అచ్చయ్యాక అవి నిజమైనవా, కల్పించినవా అని దశాబ్దాల పాటు వివాదం నడిచింది. దుషాన్ జ్బావితెల్ అనే చెక్ పండితుడు ఆ ప్రామాణికత సమస్య మీదే ఒక పుస్తకం రాస్తే, 1963లో కలకత్తా యూనివర్సిటీయే దాన్ని ప్రచురించింది. పాటలో గాయకుడిది ఎంత, చంద్రకుమార్ చెవి వదిలేసిందెంత, సేన్ కలం దిద్దిందెంత? పక్క గదిలోని వైర్‌లెస్ క్లాసులో ఇది రోజూ అడిగే ప్రశ్న. పంపింది ఇది, దారిలో పోయింది ఇంత, చేరింది ఇంత. అక్కడ నష్టం నేరం కాదు, లెక్క. సంస్కృతి చదువులో మాత్రం అది 'అసలా నకిలీనా' అనే తగువైపోయింది.

తప్పు ఒకవైపే లేదు. క్లాడ్ షానన్ 1948 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో, సందేశానికి అర్థం ఏమిటన్నది ఇంజనీరింగ్ సమస్యకి సంబంధం లేని విషయమని మొదట్లోనే పక్కన పెట్టేశాడు. ఆ పక్కన పెట్టడం వల్లే ఇవాళ మన ఫోన్లు పనిచేస్తున్నాయి, కాదనను. కానీ పక్కన పెట్టినదాన్ని మళ్లీ తీసి చూసే క్లాసు మన ఈసీఈలో ఎక్కడుంది?

పాత టెలిఫోన్ మన గొంతుకి ఇచ్చిన దారి సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా. మాట అర్థమైతే చాలన్న లెక్క అది. 'స' శబ్దంలో చాలా భాగం ఆ హద్దుకి పైన ఉంటుంది. ఫోన్లో పేరు చెప్తే 'ఎస్సా, ఎఫ్ఫా?' అని అడిగేది అందుకే. తర్వాత వచ్చిన మొబైల్ కోడెక్‌లు మనిషి నోట్లోంచి మాట ఎలా పుడుతుందో ఆ నమూనా మీద కట్టినవి. వాటిగుండా పాట పంపితే నీళ్లలోంచి విన్నట్టుండేది. ఇప్పటి వీడియో కాల్స్‌లో నాయిస్ సప్రెషన్‌దీ మామూలుగా అదే నమ్మకం: మాట సిగ్నల్, మిగతాది నాయిస్. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. మీటింగులో ఫ్యాను మోత వినపడకూడదు, అంతే.

అదే కాల్‌లో ఒగ్గుకథ వినిపించారనుకోండి. అక్కడ డోలు వెనక మోగే వాద్యం కాదు, కథ చెప్పేవాళ్లలో అదీ ఒకటి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దుఃఖం పెరగాలో అది చెప్తుంది. దాన్ని ఫ్యాను మోతతో కలిపి తుడిచేస్తే మిగిలేది కథ సారాంశం. డప్పు మోతని అవసరానికి వాడుకుంటూ, వాయించేవాళ్లని ఊరి బయట ఉంచిన సమాజం మనది. ఏది నాయిస్ అని ఎవరు తేలుస్తారన్న ప్రశ్న మనకి ఫోన్లతో రాలేదు.

సంస్కృతి చదువు ఇంజనీరుకి నేర్పగలిగింది ఇక్కడే ఉంది. నాయిస్‌ని కొలవాలంటే అసలు సందేశం ఏదో ముందే తెలిసుండాలి. జానపదంలో అలాంటి 'అసలు' ఒక్కటి ఉండదు. నిన్న పాడినట్టు ఇవాళ పాడకపోవడం పొరపాటు కాదు, అదే కళ. మైమన్‌సింగ్ గొడవలో రెండు పక్షాలూ ఎక్కడో ఒక చెక్కుచెదరని మూలం ఉంటుందనే పట్టుబట్టాయి. కాబట్టి నష్టాన్ని లెక్కకట్టడం సంస్కృతి చదువు నేర్చుకోవాలి. దేన్ని నష్టం అనాలో వైర్‌లెస్ చదువు అడిగి తెలుసుకోవాలి.

ఇదంతా ఎక్కడో బెంగాల్ గొడవ అనుకోనక్కర్లేదు. 1959లో ఆర్‌ఈసీగా మొదలై ఇప్పుడు ఎన్ఐటీగా ఉన్న కాలేజీ వరంగల్లో ఉంది, అక్కడ ఈసీఈ ఉంది. 1985లో ఏర్పడ్డ తెలుగు విశ్వవిద్యాలయం తన జానపద, గిరిజన విజ్ఞాన పీఠాన్ని పెట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఒగ్గుకథ బతికున్న నేల అది. ఒక చదువుకి ప్లేస్‌మెంట్ ఉంది, రెండోదానికి గౌరవం ఉంది (అది కూడా సభల్లోనే). బీటెక్‌లో హ్యుమానిటీస్ ఎలక్టివ్ ఉందిగా అంటారు. ఉంది, అటెండెన్స్ కోసం. అటువైపు మీడియా పేపరూ ఉంటుంది, సినిమాల గురించి. ఒక గొంతు మన దాకా వచ్చేలోపు ఎంత పోగొట్టుకుందో అడిగే పాఠం రెండువైపులా నాకు కనిపించదు.

డిపార్ట్‌మెంట్లు కలిపేయమని అడగట్లేదు. ఒక్క అసైన్‌మెంట్ చాలు. ఇటునుంచి ఇద్దరు, అటునుంచి ఇద్దరు వెళ్లి ఒక రాత్రి ఒగ్గుకథ పూర్తిగా రికార్డు చేయాలి. దాన్నే ఫోన్ కోడెక్‌గుండా, నాయిస్ ఫిల్టర్‌గుండా పంపాలి. తర్వాత రెండూ ఆ కథ చెప్పినవాళ్లకే వినిపించి, ఇందులో ఏం పోయిందని అడగాలి. వాళ్లు చెప్పిన జవాబుని రెండు క్లాసుల్లోనూ పాఠంగా చదవాలి.