కథ అడిగిన ప్రశ్న

ఒక సీరియల్ నచ్చి దాని తర్వాతి సీజన్ కోసం ఎదురుచూసేవాళ్లకు పాత మనుషులు మళ్లీ కనిపిస్తారన్న భరోసా ఉంటుంది. ఆంథాలజీలో ఆ భరోసా లేదు. పేరొక్కటే పాతది. ఊరు, మనుషులు, శవం, దాని వెనుక రహస్యం అన్నీ కొత్తవి. పోయినసారి మనసుకు దగ్గరైనవాళ్లు ఇందులో ఉండరు. ఆ సంగతి తెలిసి కూడా వాళ్ల కోసమే వెతుకుతాం. నేర కథల ఆంథాలజీకి కొత్త సీజన్ వచ్చినప్పుడు వినిపించే మెప్పులోనూ కోపంలోనూ చాలా భాగం ఈ వెతుకులాట నుంచే పుడుతుందని నా నమ్మకం.

అందుకే నాకు నేను ఒక అలవాటు చేసుకున్నాను. మొదటి ఎపిసోడ్ అయ్యాక బాగుందో లేదో ఎవరితోనూ అనను. ఈ కథ ఏ ప్రశ్న అడుగుతోందో ఒక వాక్యంలో రాసిపెట్టుకుంటాను. హంతకుడెవరన్నది ఆ ప్రశ్న కానక్కర్లేదు. చాలాసార్లు కాదు కూడా. చివరి ఎపిసోడ్ చూశాక ఆ వాక్యం ముందు పెట్టుకుని, కథ తన ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పిందా లేదా అని చూస్తాను. ఈ అలవాటు ఎందుకు అవసరమో ‘ట్రూ డిటెక్టివ్’ నాలుగో సీజన్ ‘నైట్ కంట్రీ’ మీద సాగిన వాదన చెబుతుంది. ఇంకా చూడనివాళ్లకు ముందే ఒక మాట: ముగింపుల గురించి కూడా మాట్లాడబోతున్నాను.

హెచ్‌బీఓలో ‘నైట్ కంట్రీ’ 2024 జనవరి 14 ఆదివారం రాత్రి మొదలైంది. మనకది సోమవారం పొద్దున, సంక్రాంతి. సూర్యుడు ఉత్తరం వైపు తిరిగే రోజని మనం పండుగ చేసుకుంటున్నప్పుడు, తెర మీద అలాస్కాలోని ఎన్నిస్ అనే కల్పిత పట్టణంలో ఆ ఏటికి చివరి సూర్యాస్తమయం అయిపోయింది. ఇక కొన్ని వారాలు అక్కడ తెల్లవారదు. ఆ చీకట్లో ఒక పరిశోధన కేంద్రంలోని శాస్త్రవేత్తలు మాయమవుతారు. తర్వాత మంచులో బట్టల్లేకుండా, ఒకరినొకరు పెనవేసుకుని గడ్డకట్టిన శవాలుగా దొరుకుతారు. వాళ్లు పనిచేసిన చోట నేల మీద ఒక తెగిన నాలుక. అది ఆరేళ్ల కిందట హత్యకు గురైన ఆనీ కౌటోక్ అనే ఇనుపియాక్ స్త్రీది. జోడీ ఫోస్టర్, కేలీ రీస్ పోలీసు అధికారులుగా నటించారు. రాసి, ఆరు ఎపిసోడ్లకూ దర్శకత్వం వహించినది మెక్సికోకు చెందిన ఇస్సా లోపెజ్. చిత్రీకరణ ఐస్‌లాండ్‌లో జరిగింది.

స్పందన రెండుగా చీలింది. విమర్శకులు చాలావరకు మెచ్చుకున్నారు. ప్రేక్షకులు ఇచ్చిన మార్కులు వాటికి చాలా కింద ఆగిపోయాయి. అలాగని చూడటం మానలేదు. అమెరికాలో ఒక్కో ఎపిసోడ్‌కు సగటున 1 కోటి 27 లక్షల మంది ప్రేక్షకులు వచ్చారని హెచ్‌బీఓ లెక్క చెప్పింది. నాలుగు సీజన్లలోనూ అదే ఎక్కువ. జోడీ ఫోస్టర్‌కు ఎమ్మీ వచ్చింది. ఇంతమంది చూసి, వాళ్లలో ఇంతమంది కోప్పడ్డ కథను బాగోలేదని పక్కన పెట్టడమూ సరికాదు, కోప్పడ్డవాళ్లకు అర్థం కాలేదని కొట్టిపారేయడమూ సరికాదు.

కోపంలో ఎక్కువగా వినిపించిన మాట: ఇది మొదటి సీజన్‌లా లేదు. నిజమే, లేదు. 2014లో వచ్చిన మొదటి సీజన్‌ను నిక్ పిజ్జొలాటో రాశారు, ఎనిమిది ఎపిసోడ్లకూ క్యారీ ఫుకునాగా దర్శకత్వం వహించారు. లూసియానా చిత్తడి నేలలు, ఉక్కపోత, పదిహేడేళ్ల పాటు ఇద్దరు మగవాళ్లను వదలని ఒక కేసు. మాథ్యూ మెకానహే, వుడీ హారెల్సన్‌లు కారులో కూర్చుని మాట్లాడుకుంటుంటే చాలు, కథ నడిచేది. నాలుగో ఎపిసోడ్‌లో కోత లేకుండా ఆరు నిమిషాలు సాగే షాట్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరి ఎపిసోడ్ రోజు జనం ఒక్కసారిగా ఎగబడేసరికి హెచ్‌బీఓ ఆన్‌లైన్ సర్వీసు ఆగిపోయింది.

కానీ ఆ ముగింపు మీద అప్పుడు ఎంత గొడవ జరిగిందో ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. ఎల్లో కింగ్, కార్కోసా అనే పేర్లు వినగానే ప్రేక్షకులు 1895 నాటి రాబర్ట్ ఛాంబర్స్ కథల పుస్తకాన్ని తవ్వి తీశారు. అది మళ్లీ జోరుగా అమ్ముడుపోయింది. వారం వారం కొత్త సిద్ధాంతాలు పుట్టాయి. తీరా చూస్తే పట్టుబడింది ఒక్క మనిషి. అతని వెనకున్న పెద్ద కుటుంబం తప్పించుకుంది. ఎల్లో కింగ్ సంగతి తేలలేదని ఎంతోమంది నిరాశపడ్డారు. ఆ సీజన్ అడిగిన ప్రశ్న అది కాదు కాబట్టి తేలలేదు. తాము చేసినదాన్నీ చేయలేకపోయినదాన్నీ ఈ ఇద్దరు మగవాళ్లు కళ్లెత్తి చూడగలరా అన్నది దాని ప్రశ్న. ఆసుపత్రి బయట, రాత్రి ఆకాశం కింద దానికి జవాబు దొరికింది. పదేళ్లు గడిచేసరికి నిరాశ కరిగిపోయి ఆరాధన మిగిలింది. కొత్త సీజన్‌ను మనం పోల్చేది 2014లో చూసిన సీజన్‌తో కాదు, జ్ఞాపకంలో నునుపుదేరిన సీజన్‌తో.

ఆ జ్ఞాపకానికి మొదట బలైంది 2015లో వచ్చిన రెండో సీజన్. కాలిఫోర్నియాలో విన్చి అనే కల్పిత పారిశ్రామిక నగరం, ముగ్గురు పోలీసులు, ఒక గ్యాంగ్‌స్టర్, రైలు మార్గం చుట్టూ భూముల కుంభకోణం. అందరూ మంచి నటులే. కానీ చూస్తూ చూస్తూ ఎవరికి ఎవరు ఏమవుతారో మర్చిపోయేంత చిక్కు. ఈసారి ప్రేక్షకుల అసంతృప్తిలో న్యాయం ఉంది. కథకు సమాచారం ఎక్కువైంది, ప్రశ్న కనిపించకుండా పోయింది. రచయితను తొందరపెట్టింది తానేనని హెచ్‌బీఓ కార్యక్రమాల అధిపతి మైకేల్ లాంబార్డో తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు. విజయం వెంటనే మరో విజయం కావాలని అడిగే తొందర రాసేవాళ్లను ఎలా నలిపేస్తుందో ఆ మాట చెబుతుంది. ఎదురుచూసే మనం కూడా ఆ తొందరలో భాగస్వాములమే.

2019లో వచ్చిన మూడో సీజన్ గురించి తక్కువమంది మాట్లాడుకుంటారు. నాకు మాత్రం నాలుగింటిలోనూ ఎక్కువ ఇష్టమైనది అదే. మహర్షలా అలీ పోషించిన వేన్ హేస్, 1980లో ఆర్కాన్సాస్‌లో తప్పిపోయిన ఇద్దరు పిల్లల కేసును ముసలితనంలో తిరగదోడుతుంటాడు. అప్పటికే అతని జ్ఞాపకశక్తి చెదిరిపోతోంది. చనిపోయిందనుకున్న అమ్మాయి బతికే ఉందని తనే గ్రహించి, ఆమె ఇంటిదాకా కారులో వెళతాడు. తీరా అక్కడికి చేరేసరికి తానెందుకు వచ్చాడో మర్చిపోతాడు. పెద్ద కుట్ర బయటపడలేదని కొందరు పెదవి విరిచారు. నాకు ఆ దృశ్యంలో ఒక సంపూర్ణమైన జవాబు కనిపించింది. కనుక్కున్నదాన్ని మనసులో నిలుపుకోలేని మనిషికి నిజం ఏమవుతుంది అని ఆ సీజన్ అడిగింది. ఆ ప్రశ్నను చివరి క్షణం దాకా వదల్లేదు.

ఇక ‘నైట్ కంట్రీ’. శాస్త్రవేత్తలను చంపింది ఎవరన్నది దాని ప్రశ్నగా కనిపిస్తుంది. అసలు ప్రశ్న వేరు: ఆనీ చావు ఎవరికి పట్టింది? ఆమె మంత్రసాని. గని వదిలే విషంతో ఊరి నీళ్లు నల్లబడుతున్నాయని, కడుపులోనే బిడ్డలు చచ్చిపోతున్నారని పోరాడింది. ఆమె చనిపోతే కేసు మూలపడింది. శాస్త్రవేత్తలు చనిపోతే ఊరు ఊరంతా కదిలింది. అమెరికాలోనూ కెనడాలోనూ ఆదివాసీ స్త్రీలు మాయమవడం, హత్యలకు గురవడం, ఆ కేసులు పట్టించుకునే నాథుడు లేక పడి ఉండటం చాలా కాలంగా ఉన్న నిజమైన గాయం. కథ నిలబడింది దాని మీద.

చివరికి తేలేదేమిటి? గడ్డకట్టిన నేల మెత్తబడితే తమ పరిశోధన తేలికవుతుందని, కాలుష్యం పెరగాలని కోరుకున్నది ఆ శాస్త్రవేత్తలే. అది తెలుసుకున్న ఆనీని చంపిందీ వాళ్లే. ఆ సంగతి కనిపెట్టి, తుపాకులు పట్టుకుని వాళ్లను మంచులోకి నడిపించింది ఆ కేంద్రంలో నేల తుడిచి, గదులు శుభ్రం చేసే స్త్రీలు. వాళ్లు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. వాళ్లలో చేతివేళ్లు కొన్ని లేని స్త్రీని మొదటి ఎపిసోడ్‌లోనే చూశాం, పీతలు శుభ్రం చేసే ఫ్యాక్టరీలో. పోలీసులు వాళ్లను అడగాల్సింది అడగలేదు. ప్రేక్షకులుగా మనం గోడల మీద సుడి గుర్తులు వెతుకుతూ వాళ్లను దాటి వెళ్లిపోయాం.

మొదటి సీజన్‌తో దీనికున్న అసలు చుట్టరికం నాకు ఇక్కడే కనిపిస్తుంది. అక్కడా హంతకుడు మూడో ఎపిసోడ్‌లోనే పోలీసు కళ్లెదుట ఉన్నాడు, బడి ఆవరణలో గడ్డి కోస్తూ. ఒంగి పనిచేసుకునే మనిషి ముఖంలోకి ఎవరూ చూడరు. ఆ చూడకపోవడం మొదటి కథలో హంతకుణ్ని కాపాడింది, నాలుగో కథలో ప్రతీకారం తీర్చుకునేవాళ్లకు దారి ఇచ్చింది. మొదటి సీజన్‌కు ఇది చీకటి అద్దంలో ప్రతిబింబం లాంటిదని ఇస్సా లోపెజ్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ మాట ఉక్కపోతకు బదులు చలి, మగవాళ్లకు బదులు ఆడవాళ్లు అన్నంతవరకే ఆగదు.

అంతమాత్రాన లోపాలు లేవనను. సుడి గుర్తు, తప్పించుకున్న ఆ పెద్ద కుటుంబం టటిల్ పేరు, మెకానహే పోషించిన రస్ట్ కోల్ తండ్రి దయ్యం, చివర్లో కాలం గురించి పాత డైలాగ్ – ఇవన్నీ మొదటి సీజన్ నుంచి తెచ్చి అతికించినవి. సొంత కాళ్ల మీద నిలబడగల కథకు ఆ ఊతకర్రలు అక్కర్లేదు. పైగా అవే కీడు చేశాయి. పాత గుర్తు చూపిస్తే ప్రేక్షకుడు పాత జవాబు అడుగుతాడు. ఆశ రేపింది కథే అయినప్పుడు ఆశపడ్డవాడిని తప్పుపట్టలేం. ఆరు ఎపిసోడ్లలో ఇమడనంత సరుకు ఉంది కాబట్టి చివర్లో పరుగు కూడా కనిపిస్తుంది. ఈ ఫిర్యాదులు చేసినవాళ్లతో నేను ఏకీభవిస్తాను.

దయ్యాలు నిజమా, మనసు భ్రమలా అన్నది తేల్చలేదన్న ఫిర్యాదుతో మాత్రం ఏకీభవించను. ఈ వాదన తెలుగువాళ్లకు కొత్తది కాదు. యండమూరి ‘తులసిదళం’ వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు ఆ పాప బాధ చేతబడా, వైద్యానికి అందే జబ్బా అని ఇళ్లలో తగువులాడుకున్న తరం మనకుంది. వారం రోజుల ఎడం ఆ తగువును పెంచింది, పాఠకుల్ని కథలోకి లాగింది. చనిపోయినవాళ్లు తమతోనే ఉంటారని నమ్మే మనుషుల మధ్య నడిచే కథలో ఆ నమ్మకాన్ని లాయరులా నిలదీసి తీర్పు చెప్పడం అవసరమా? కేలీ రీస్ పోషించిన నవారోకు తన తల్లి, చెల్లి పిలుపు వినిపిస్తుంది. ఆ పిలుపు ఆమెను ఏం చేసిందన్నది కథకు ముఖ్యం. దాన్ని కథ చెప్పింది.

ఇంకో రకం స్పందన కూడా వచ్చింది, దాన్ని విమర్శ అనలేను. ఇద్దరు ఆడవాళ్లు ముందు నడిస్తే ఇది ‘ట్రూ డిటెక్టివ్’ కాదనడం, ఆదివాసీ స్త్రీల గోడు వినిపిస్తే నీతిబోధ అని ఈసడించడం. ఒకటి రెండు ఎపిసోడ్లు కూడా చూడకుండా మార్కులు వేసేవాళ్లు నిజాయతీగా నచ్చక చెప్పేవాళ్ల గొంతును కూడా ముంచేస్తారు. సీరియల్‌కు మొదటి ప్రాణం పోసిన పిజ్జొలాటో స్వయంగా ఈ సీజన్‌ను బాహాటంగా ఎద్దేవా చేశారు. తన కథతో ఆయనకున్న బంధం ఆయనది, ఎలాగైనా స్పందించే హక్కు ఆయనకుంది అన్నట్టుగా ఇస్సా లోపెజ్ బదులిచ్చారు. ఆ హుందాతనం నేర్చుకోదగినది. సృష్టికర్తకు బాధ కలగడం సహజం. ఆ బాధను తెచ్చుకుని మనం ఆయుధం చేసుకోవడం వేరు.

ఐదో సీజన్ కూడా ఇస్సా లోపెజ్‌కే అప్పగిస్తున్నట్టు హెచ్‌బీఓ 2024 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. ఈసారి ఆమె పాత గుర్తుల జోలికి పోకుండా తన కథను తన బలం మీదే నడిపించాలని కోరుకుంటాను. తోటి ప్రేక్షకులను కోరేది కూడా ఒకటే: మొదటి ఎపిసోడ్ చూశాక ఆ కథ ఏం అడుగుతోందో కాసేపు ఆలోచించండి. ఆ ప్రశ్న మీకు పట్టనిదైతే నచ్చలేదని చెప్పండి, తప్పేం లేదు. పట్టినదై ఉండి, కథ దాన్ని మధ్యలో వదిలేస్తే గట్టిగా నిలదీయండి. అడగని ప్రశ్నకు జవాబు లేదని మాత్రం కథను శిక్షించకండి. నేర కథలో పోలీసు నుంచి మనం ఆశించే ఓపిక, న్యాయం ప్రేక్షకుడిలోనూ ఉండాలి.