సమీక్షకు రెండు ప్రతులు: మద్రాసు డిటెక్టివ్ నవల గురించి

తెలుగులో 'పరిశోధన' అనే మాట రెండు చోట్ల కొలువు చేస్తుంది. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారు చేసేది సాహిత్య పరిశోధన. డిటెక్టివ్ యుగంధర్ చేసేది అపరాధ పరిశోధన. ఒకరు తాళపత్రం పట్టుకొని కవి కాలం తేలుస్తారు, మరొకరు సిగరెట్ పీక పట్టుకొని హంతకుడి పేరు తేలుస్తారు. పద్ధతిలో పెద్ద తేడా లేకపోయినా మొదటివారు రెండవవారి గడప తొక్కరు. ఆ గడప ఒకసారి తొక్కి చూద్దామని మా విద్యార్థులతో కలిసి తొండియార్‌పేట వెళ్ళాము. ఈ వ్యాసం అక్కడ పుట్టింది.

తొండియార్‌పేట ఉత్తర మద్రాసులోది. తొండి అనే ఊరి నుంచి వచ్చిన కుణంగుడి మస్తాన్ సాహిబును జనం 'తొండియార్' అనేవారట, పేటకు ఆ పేరే నిలిచింది. రాయపురం, కొరుక్కుపేట, చాకలిపేట అన్నీ ఆ చుట్టుపక్కలవే. రేవు పనికీ, రైల్వే పనికీ, మగ్గాలకూ తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ పేటల్లో ఇప్పటికీ ఉన్నారు. తిరువొత్తియూర్ హైరోడ్డుకు దగ్గరి ఒక సందులో పాత కాగితాల కొట్టు ఒకటి ఉంది. ఒకప్పుడు అది అద్దె పుస్తకాల కొట్టు. అటక మీద తెలుగు పాకెట్ పుస్తకాల కట్టలు రెండు మిగిలాయి. అట్టలు పోయి, వీపున దబ్బనంతో దారం కుట్టి, ఖాకీ కాగితం అతికించి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద తేదీలూ, అద్దె లెక్కలూ ఉన్నాయి. కొట్టు పెద్దాయన ఒక మాట అన్నాడు: "యుగంధర్ పుస్తకం ఉందా అని అడుగుతారు సార్, రాసినాయన పేరు ఎవురూ చెప్పరు." డిటెక్టివ్ రచయిత వృత్తి జీవితాన్ని గురించి ఇంతకంటే మంచి వాక్యం మేము ఏ సాహిత్య చరిత్రలోనూ చదవలేదు.

రాసినాయన కొమ్మూరి సాంబశివరావు (1926-1994). యుగంధర్, అతని సహాయకుడు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు తెలుగు పాఠకుల ఇళ్ళల్లో చుట్టాల్లా తిరిగిన పాత్రలు. అదే మద్రాసులో, అదే కాలంలో ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. 'పలకల వెండి గ్లాసు', 'ఆనకట్ట మీద హత్య' వాటిలో కొన్ని. అంతకు ముందు తరం పాఠకులకు బెంగాలీ నుంచి వచ్చిన పాంచ్‌కడీ దే అనువాదాలు ఉండేవి. అంటే సరుకు లేక కాదు. సరుకును తూచేవారు లేకపోయారు.

ఎందుకు లేకపోయారనేదానికి అభిరుచి ఒక్కటే కారణమని చెప్పడం తేలిక. మేము కూడా చాలాకాలం అలాగే చెప్పాము. పండితులకు హత్యా కథలంటే చిన్నచూపు అన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే దానికంటే ముందు లెక్కలు ఉన్నాయి. మన పత్రికల్లో పుస్తక సమీక్ష శీర్షిక కింద ఒక షరతు ఉండేది: సమీక్షకు రెండు ప్రతులు పంపవలెను. ఒక ప్రతి సమీక్షకుడికి, ఒకటి కార్యాలయానికి. పద్య కావ్యం సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న కవికి రెండు ప్రతులు భారం కాదు, ఇంట్లో మిగిలేవే ఎక్కువ. అణాల మీద వ్యాపారం చేసే పాకెట్ నవల ప్రచురణకర్తకు ప్రతి కాపీ లెక్కే. పంపినా సమీక్ష రావడానికి మూడు నెలలో ఆరు నెలలో పట్టేది. రైల్వే స్టాలులో ఆ నవల ఆయుష్షు నెల రోజులు. సమీక్ష వెలువడేసరికి నవల అద్దె కొట్టులో వీపు కుట్టించుకుంటూ ఉంటుంది. దాని రచయిత అప్పటికి ఇంకో రెండు నవలలు ముగించి ఉంటాడు. ఆ సమీక్షతో ఎవరికి పని?

అందుచేత ప్రచారమంతా పుస్తకం లోపలే జరగవలసి వచ్చింది. చివరి పుటలో 'త్వరలో వెలువడుతుంది' అన్న ప్రకటన, వెనుక అట్ట మీద జాబితా, కొనుక్కునేవారికి వీపీపీ షరతులు. పుస్తకమే దాని తమ్ముడికి దండోరా వేసేది. రచయిత చేయగల ప్రచారం ఒక్కటే, గడువు తప్పకుండా తరువాతి నవల ఇవ్వడం.

ఇంకొక చిక్కు మన సమీక్షా పద్ధతిలోనే ఉంది. తెలుగు సమీక్షకుడు ముందు కథ చెబుతాడు. తరువాత శైలి సరళంగా ఉందంటాడు. ముద్రణ దోషాలు అక్కడక్కడా దొర్లాయని నొచ్చుకొని, వెల చెప్పి, ప్రతి ఇంట ఉండదగిన పుస్తకమని ముగిస్తాడు. ఈ అచ్చులో డిటెక్టివ్ నవల ఇమడదు. కథ మొత్తం చెబితే పుస్తకం చచ్చిపోతుంది. కథ చెప్పకుండా నవలను తూచడానికి వేరే రాళ్ళు కావాలి. ఆధారాలు పాఠకుడి ముందు న్యాయంగా పెట్టాడా, అనుమానితుల్లో ఎవరైనా కేవలం గంతకు తగ్గ బొంతలా తెచ్చి కూర్చోబెట్టినవారా, ముగింపు ముందు చెప్పినదాని నుంచే పుట్టిందా అని అడగాలి. ఆ రాళ్ళు మన దగ్గర లేవు, తయారు చేసుకోలేదు.

ఇతర దేశాల్లో వాటిని తయారు చేసినది పండితులు కాదు. డిటెక్టివ్ నవలలు రాసేవారే చేశారు. ఇంగ్లండులో డొరతీ సేయర్స్ 1933 నుంచి 1935 దాకా సండే టైమ్స్‌లో వారం వారం అపరాధ నవలలను సమీక్షించింది. అమెరికాలో ఆంథొనీ బౌచర్ 1951 నుంచి 1968లో చనిపోయేదాకా న్యూయార్క్ టైమ్స్‌లో ఆ పని చేశాడు. ఇద్దరూ ఆ నవలలు రాసినవారే. తోటి రచయిత ఎక్కడ మోసం చేశాడో వారికి చప్పున తెలుస్తుంది. ఎడ్మండ్ విల్సన్ వంటి విమర్శకుడు 1945లో న్యూయార్కర్‌లో ఈ సాహిత్యాన్ని ఎద్దేవా చేయగలిగాడంటే, ఎదుట ఒక వాదం నిలబడి ఉంది కాబట్టే. మనకు వెక్కిరించినవారు కూడా సరిగా లేరు.

అంత దూరం పోనక్కరలేదు. తమిళంలో తమిళ్‌వాణన్‌ను చూడండి. కొమ్మూరి పుట్టిన 1926లోనే పుట్టాడు, ఆ మద్రాసులోనే బతికాడు. అతనికి 'కల్కండు' పత్రిక ఉంది, శంకర్‌లాల్ అనే డిటెక్టివ్ ఉన్నాడు. టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని తన ముఖాన్నే వ్యాపార ముద్రగా మార్చుకున్నాడు. తొండియార్‌పేట కుర్రవాడికి తమిళ్‌వాణన్ ముఖం తెలుసు. యుగంధర్ క్రైస్లర్ కారు తెలుసు. కొమ్మూరి ముఖం తెలియదు.

నవలల మంచి చెడ్డలూ చెప్పాలి కదా. కొమ్మూరి వాక్యం చిన్నది. సమాసం కనిపించదు, సంభాషణ పరుగెడుతుంది. అక్షరాలు కూడబలుక్కొని చదివేవాడు కూడా పుట తిప్పగలడు, అది ఆషామాషీ విద్య కాదు. లోపం ఏమిటంటే, యుగంధర్‌కు దొరికిన ఆధారం కొన్నిచోట్ల మనకు చివరి అధ్యాయం దాకా చూపించరు. సేయర్స్ వంటి సమీక్షకురాలు ఒక్కరుంటే ఆ అలవాటు మూడో నవలకే మానిపించి ఉండేది. సమీక్ష లేని రచయితకు కలిగే నష్టం పేరు రాకపోవడం కాదు, తన తప్పు తనకు ఎవరూ చెప్పకపోవడం.

ఆరుద్ర సంగతి వేరు. ఆయనకు రెండు చేతులూ ఉన్నాయి. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన చేయీ, 'గురజాడ గురుపీఠం'తో 1987లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న చేయీ ఒకటి. హత్యా నవలలు రాసిన చేయి మరొకటి. ఆయన మీద వచ్చే వ్యాసాల్లో రెండో చేయిని పొట్టకూటి పనిగా ఒక వాక్యంలో దాటేస్తారు. మాకు మాత్రం ఆ రెండూ ఒకే మనిషి చేతుల్లా కనిపిస్తాయి. కవుల కాలం తేల్చేటప్పుడు ఆయన సాక్ష్యాలను ఎదురెదురుగా నిలబెట్టి ప్రశ్నించే తీరు, 'రాముడికి సీత ఏమవుతుంది?' అని పుస్తకానికి పేరు పెట్టి పాఠకుణ్ణి లోపలికి లాగే తీరు డిటెక్టివ్ నవల నేర్పినవేనని మా ఊహ. తెలుగులో బౌచర్ కాదగినవాడు ఆయన ఒక్కరే. అడిగిన సంపాదకుడు లేకపోయాడు.

ఇది మన పీఠానికి ఎందుకు పట్టాలి అంటే, నిడుదవోలు వెంకటరావు దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయాన్ని ఒక ప్రత్యేక శాఖగా నిలబెట్టినప్పటి నుంచి తంజావూరు, మధుర రాజుల ఆస్థానాలను మనం శ్రద్ధగా చదువుతున్నాము. దక్షిణాదిన తెలుగు చదివించిన ఆఖరి సాహిత్యం ఆస్థానాల్లో పుట్టలేదు, మద్రాసు ప్రెస్సుల్లో అచ్చయి ఇటువంటి సందుల్లో అద్దెకు తిరిగింది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత తమిళం తప్పనిసరి అయింది. ఇప్పుడు ఈ పేటల్లో తెలుగు ఇంట్లో మాట్లాడుతూ చదవలేని పిల్లలు ఎందరో. వాళ్ళ తాతలకు బడి పుస్తకం తరువాత దొరికిన తెలుగు పుస్తకం చాలా ఇళ్ళల్లో ఇదే. దాని ప్రచురణ సంవత్సరం తేల్చాలన్నా ఈనాడు కష్టమే. సమీక్ష అచ్చయి ఉంటే దాని తేదీ అయినా మిగిలేది.

కొట్టులో కట్టలు విప్పినప్పుడు మాకు సమీక్షలు దొరికాయి, అంచుల మీద. 'డాక్టరే చంపాడు' అని పన్నెండో పుటలోనే రాసిపెట్టిన దుర్మార్గుడొకడు. వాడి కిందనే 'కాదు, నమ్మవద్దు' అని ఇంకొకరు. ఒకచోట 'ఇది ముందే తెలిసిపోయింది' అని పెన్సిలుతో తీర్పు. మా విద్యార్థులు ఒక్కొక్కటీ నోటు పుస్తకంలోకి ఎత్తి రాశారు. ఒక యుగంధర్ నవలకు ఆఖరి ఫారం ఊడిపోయింది, పదహారు పుటలు లేవు. మిగిలిన చివరి పుట అడుగున ఎవరో పుణ్యాత్ములు తరువాతివారి కోసం హంతకుడి పేరూ, ఎలా పట్టుబడ్డాడో నాలుగు వరుసలూ రాసిపెట్టారు. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. ఆ పేరు సరైనదో కాదో పోల్చి చూడడానికి మరో ప్రతి మాకు ఇంతవరకు దొరకలేదు.