కోసే హక్కు, అడిగే హక్కు

2018 మార్చిలో మన తెలుగు ఎంపీలు ప్రత్యేక హోదా కోసం లోక్‌సభలో ప్లకార్డులు పట్టుకు నిలబడ్డారు. ఆ గోలలోనే కేంద్ర శాఖల డిమాండ్లన్నీ గిలెటిన్ కింద, చర్చ లేకుండా, నిమిషాల్లో పాసైపోయాయి. ఏలూరు సీటు అప్పుడు తెలుగుదేశానిది, తాడేపల్లిగూడెం ఉండే నరసాపురం సీటు బీజేపీది. ఒక పార్టీ గోలలో, ఒక పార్టీ గద్దె మీద. ఎస్సీ కేటాయింపుల్ని పద్దు పద్దునా నిలదీసే అవకాశం పోయింది.

ప్రజాస్వామ్యం ఖూనీ అయిందని వగచేవాళ్లకి నాదో ప్రశ్న. చర్చ జరిగుంటే మాత్రం మనకేం ఒరిగేది? 113వ అధికరణం ప్రకారం లోక్‌సభ ఒక పద్దుని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, తగ్గించొచ్చు. పెంచడానికి లేదు. రాష్ట్రపతి సిఫారసు, అంటే మంత్రివర్గం సమ్మతి లేందే పద్దు సభ గడపే తొక్కదు. ఉన్నది కాపాడుకునే కులాలకి కోసే హక్కు చాలు. రావాల్సింది ఇంకా రాలేదని అడిగే మనకి అదెందుకూ కొరగాదు. వంద రూపాయల కోత తీర్మానం నెగ్గినా సర్కారు నైతికంగా కూలినట్టే కాబట్టి విప్ వస్తది. 1985 ఫిరాయింపుల చట్టం తర్వాత విప్ దాటితే సీటే గల్లంతు. 84 ఎస్సీ రిజర్వుడు సీట్ల ఎంపీలూ ఈ తాడుకి కట్టుబడ్డవాళ్లే. 1919 చట్టం కింద సభ కోసిన డబ్బుని గవర్నర్ జనరల్ తిరిగి చేర్చుకునేవాడు. ఇప్పుడా శ్రమ లేదు, కోసేవాడే లేడు. (ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థ మీద 1925లోనే పుస్తకం వేసిన అంబేద్కర్‌కి మనవాళ్లు దండలేస్తున్నారు గానీ, ఆ పద్దుల అంబేద్కర్‌ని చదవడం లేదు.)

అసలు బేరం అంతకుముందే ఆర్థిక శాఖ గదుల్లో అయిపోతది. 1993 నుంచి స్థాయీ సంఘాలు పద్దుల్ని పరిశీలిస్తున్నా, వాటి సిఫారసులకి సర్కారు కట్టుబడక్కర్లేదు.

అందుకే 2012 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం చిన్న విషయం కాదు. జనాభా దామాషా వాటాని బడ్జెట్టు రాకముందే చట్టంతో కట్టేసింది. కేంద్రంలో 1979-80 నుంచీ నడిచింది మార్గదర్శకాలతోనే. అయితే ఆ చట్టంలోనూ ఒక కన్నం ఉంది. విడదీయడానికి వీల్లేని మౌలిక వసతుల పనుల్లో కొంత ఖర్చు దళితులకి చేరినట్టే భావించొచ్చు. ఎంత అనేది ప్రభుత్వమే తేలుస్తది. కొల్లేటి కట్టున కైకలూరు రోడ్డు వెడల్పు చేసినా, దాని మీద తిరిగేవి చేపల లారీలే అయినా, కొంత పేటల ఖాతాలో రాసుకోవచ్చన్నమాట. సభ కట్టిన ముడిని కార్యనిర్వాహక వర్గం ఇట్లా విప్పుకుంటది. 2023లో చట్టం గడువు పదేళ్లు పొడిగించడం కూడా ఆర్డినెన్సుతోనే మొదలైంది.

ఎస్సీ ఉపప్రణాళిక ఖర్చు రాసే చిన్నపద్దు నంబరు 789. ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల్లో దాని కింద ఏ ఏ పనులు రాశారో సమాచార హక్కు కింద అడిగి, ఆ కాగితం పట్టుకుని పేటల్లో తిరిగి సరిచూడాలి.