అనంతపురచరిత్రము – ముసలమ్మ

కరణములు వ్రాసిపెట్టిన దండకవిలెలను, కైఫియ్యతులను చరిత్రకారులు రాజుల తేదీలకై, పన్నుల లెక్కలకై వెదకుదురు. గృహస్థులకు వానితోఁ బనియేమని కొందఱడుగవచ్చును. పని గలదని చూపుటకు రామగిరి, ధర్మవరము, పెనుకొండ సీమవారికిఁ బొరుగుననే పుట్టిన యొక వ్రాఁత చాలును. తెలుఁగు వ్రాఁతప్రతులను బ్రోగుచేయుటకుఁ దన సొమ్మును వెచ్చించిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1853లోఁ జెన్నపట్టణమునఁ బ్రకటించిన అనంతపురచరిత్రమే యది. "రాజుల యుద్ధములు" అనియు దానికిఁ బేరు. 1750 మొదలు 1810 వఱకుఁ గల కాలమున నించుమించుగా వ్రాయఁబడినదని బ్రౌనే తెలిపెను.

ఇందలి వచనము పండితులకు రుచింపదు. హండె నాయకుల యేలుబడి, గుత్తి మురారిరాయని ముట్టడి, పిదప హైదరు, టిప్పుల పెత్తనము – అన్నియు నోటివాడుక మాటలలోనే సాగిపోవును. చిన్నయసూరి నీతిచంద్రికయు నదే 1853లో వెలువడెను. బడులు సూరిగారి చేయి పట్టుకొన్నవి. కరణపు వచనము మూలఁబడెను. (ఈ విమర్శయు సూరిగారి బాటనే నడచుచున్నదని చదువరులు నవ్వుదురేమో!) నీతిచంద్రికలోని నక్కయు నెద్దును వ్యాకరణము తప్పక మాటలాడును. కచేరిచావడిలో మనుష్యులు మాటలాడిన తీరు వినఁగోరువారు మాత్రము అనంతపురచరిత్రమునే యాశ్రయింపవలెను. వచనముగా నాకు దీనిపైననే మక్కువ.

అయినను దీని నీనాఁటివఱకుఁ దలఁపించుచున్నది రాజులు కారు, యుద్ధములును గావు. బుక్కరాయసముద్రపుఁ జెఱువు తెగనున్నది. బసిరెడ్డి కడగొట్టు కోడలు ముసలమ్మను బలియిచ్చినఁ గట్ట నిలుచునని యొక పలుకు వినవచ్చినది. ఆమె నీటఁ బడినది, కట్ట నిలిచినది. ఏఁటికి 550 మిల్లీమీటర్ల వానయైన నిండుగాఁ గురియుట యరుదైన సీమలోఁ జెఱువు తెగుటనఁగా నూరు తెగుటయే. అందుచేత నీ కథను వట్టి మూఢవిశ్వాసమని త్రోసివేయుట తేలిక గాని న్యాయము గాదు. పలికినది దేవతయో, ఊరివారి భయమో, చదువరులే యెఱుఁగుదురు.

కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా నుండఁగా 1899లో నీ కథనే గైకొని "ముసలమ్మమరణము" రచించిరి. ఆధునికకావ్యములకది నాందియని పలువురు విమర్శకుల మతము. కరణము క్లుప్తముగా ముగించిన చోటఁ గవి యామెకు మనస్సును, మాటను నొసఁగెను. ఇష్టపడియే వెడలినట్లు చూపెను. రాజకుమారునిఁ గాక రైతుకోడలిని నాయికగాఁ జేయుట యానాఁటికిఁ బెద్ద సాహసము. కావ్యముగా దానికి జోహారు! కాని యా యిష్టమును గూర్చియే నా శంక. అత్తమామలు, బావలు, తోడికోడండ్రు, ఊరంతయు నొక్కవైపున నిలిచి చూచుచుండఁగాఁ గడగొట్టు కోడలు "నేనొల్ల" ననఁగలదా? అనినచో నేమగును? కవి యీ ప్రశ్న నడుగఁడు. అడిగినఁ గావ్యము మఱొక దారిఁ బట్టెడిది. కరణమును నడుగఁడు. కాని యతని పొడి వాక్యములలో నా ప్రశ్నకుఁ జోటున్నది. త్యాగమును బొగడువాఁడెవ్వఁడును నడుమ నిలుచుండఁడు గనుక నామె యొంటరితనము మనకుఁ దిన్నగాఁ గానవచ్చును. కావ్యము చదివినవారు తిరిగి యీ వ్రాఁతను జూడవలయుననుట కిదియే కారణము.

1984లో గ్రామకరణములు తొలఁగింపఁబడిన పిదపఁ గవిలె వ్రాయువారు లేరు. పాత యిండ్ల యటుకులమీఁద మిగిలిన కట్టలు భోగిమంటలపాలు గాకమునుపే విప్పి చూచుట మంచిది. వానిలో నెందఱు కోడండ్ర పేరులున్నవో!

ధర్మవరపుఁ జెఱువును గట్టించిన క్రియాశక్తి యొడయరు, తన తల్లి ధర్మాంబ పేర నూరికిఁ బేరిడెనందురు. ఆ తల్లికి నీటిలో దిగవలసిన పని లేకపోయెను.