మృతుడెవరు? – అపరాధపరిశోధన కథనంలో గుర్తింపు

ఉపోద్ఘాతం

హంతకుడెవరో తెలిసిన తరువాత కూడా పాఠకుడు అపరాధపరిశోధన నవలను మళ్లీ ఎందుకు చదువుతాడు? ఉత్కంఠ ఒక్కటే ఆకర్షణ అయితే రెండో పఠనానికి తావు లేదు. ‘చంపినదెవరు?’ అన్న ప్రశ్న వెనుక ‘చనిపోయినదెవరు?’ అన్న ప్రశ్న కూడా ఉండడమే ఈ ప్రక్రియను నిలబెడుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

నవలలో శవం

అగాథా క్రిస్టీ ‘ది బాడీ ఇన్ ది లైబ్రరీ’ (1942)లో కల్నల్ బాంట్రీ ఇంటి గ్రంథాలయంలో అపరిచిత యువతి శవం కనిపిస్తుంది. ఆమెను హోటల్ నర్తకి రూబీ కీన్‌గా గుర్తిస్తారు. కొరికిన గోళ్లను గమనించిన మిస్ మార్పుల్ ఆ గుర్తింపునే శంకిస్తుంది. ఆ శవం నిజానికి పమేలా రీవ్స్ అనే పాఠశాల విద్యార్థినిది. హంతకులకు ఆమెపై పగ లేదు. తాము ఘటనాస్థలంలో లేమని నిరూపించుకోవడానికి ఒక శవం కావలసి వచ్చింది, అంతే. ఆమె పేరు తేలితే తప్ప నేరం తేలదు. రెండోసారి చదివేవారికి ఆ గోళ్లు ఆధారంగా మాత్రమే కాక, ఒక పిల్ల బ్రతికిన గుర్తుగా కూడా కనిపిస్తాయి.

నెల్లూరు రూపం

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు ఈ ప్రక్రియను తెలుగు పాఠకులకు సన్నిహితం చేశారు. స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకత్వంలో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) ఆ వారసత్వాన్ని చలనచిత్రంగా నెల్లూరుకు తెచ్చింది. ఇక్కడ శవాలు దొరికేది గ్రంథాలయంలో కాదు, రైలు పట్టాల పక్కన. బాంట్రీ ఇంట్లో శవం ఊరంతటికీ వార్త. తీరాంధ్రను చెన్నైతో కలిపే ఈ రైలుమార్గం పక్కన పడిన శవం ‘గుర్తు తెలియని’ అన్న రెండు మాటలతో ముగిసిపోగలదు. అడిగేవారు లేని ఆ మృతుల గురించి అడిగే బాధ్యత, ఎవరూ లెక్కచేయని, తొలి అనుమానాలతో నవ్వులపాలయ్యే ఆత్రేయపై పడింది. అందువల్ల ఇందులోని హాస్యం కేవలం అనుకరణ కాదు. అయితే చివరి వివరణ భారమంతా సంభాషణలపై పడడంతో, ఆధారాలను తానే కూర్చుకునే అవకాశం ప్రేక్షకుడికి తగ్గింది. ఈ విషయంలో క్రిస్టీ నిర్మాణమే బలమైనది.

ముగింపు

నేరస్థుడు దొరకడం కథను ముగిస్తుంది; మృతునికి పేరు దక్కడం ఆ ముగింపుకు న్యాయం చేకూరుస్తుంది. గ్రంథాలయం నుండి రైలు పట్టాల వరకు స్థలం మారినా అపరాధపరిశోధనకు ఆదరణ తగ్గకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.