దిద్దుకోని పేపరు

సంక్రాంతి సెలవులయ్యి బడులు తెరిచారంటే పదో తరగతిలో రెండు పనులు ఒకదాని వేళను ఒకటి లాక్కుంటాయి. నోట్సు పూర్తిచేయడం ఒకటి, మోడల్ పేపర్లు రాయడం రెండోది. సాయంత్రం స్టడీ అవర్‌లో ఏ వరస చూసినా ఎక్కువమంది మొదటి పనిలోనే ఉంటారు. నోట్సు రాస్తుంటే పేజీలు నిండుతాయి, చదువుతున్నామన్న ధైర్యం వస్తుంది, ఇంట్లో అమ్మానాన్నల కళ్లకూ ఆనుతుంది. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చుంటే మాత్రం వచ్చినదానికన్నా రానిదే ముందు బయటపడుతుంది. పదిహేనేళ్ల పిల్లలు దాన్నుంచి తప్పించుకోవాలని చూడటంలో వింతేమీ లేదు.

ఫిజికల్ సైన్స్ చెప్పేవాణ్ణి గనక ఫెయిర్ నోట్సులు దిద్దడంలోనే నా సాయంత్రాలు చాలా గడిచాయి. మార్జిన్లు గీసి, హెడ్డింగులకో రంగు, జవాబులకో రంగు పెట్టి, కిరణ చిత్రాలు స్కేలుతో గీసిన ఆ పుస్తకాలు చూస్తే ముచ్చటేస్తుంది. ఆ శ్రద్ధను నేను తక్కువ చేయను. కానీ అందులో చాలా భాగం గైడు నుంచి నోట్సులోకి దిగుమతైనదే. జవాబు కంటి నుంచి చేతికి వెళ్తుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. మర్నాడు అదే ప్రశ్న అడిగితే ఆ పేజీలో ఎడమవైపు ఏ బొమ్మ ఉందో చెప్పగలరు, జవాబు చెప్పలేరు.

2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ప్రతి టీచరూ తెలుసుకోదగ్గది. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. కొందరు ఒకసారి చదివి, పాఠం పక్కన పెట్టేసి, గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పరీక్ష రాసినవాళ్ల లెక్క తారుమారైంది. మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం మిగిలింది, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. మన పిల్లలు నోట్సు తిరగేసి పొందే ధైర్యం ఆ మొదటి అయిదు నిమిషాలది. పరీక్ష మార్చిలో ఉంటుంది.

మన బడులకు ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఎక్కాలైనా పద్యాలైనా పుస్తకం పంతులుగారి చేతికిచ్చి, చేతులు కట్టుకుని అప్పజెప్పేవాళ్లు. అర్థం తెలియకుండా వల్లెవేయించడాన్ని విమర్శించాం, ఆ విమర్శ న్యాయమే. అయితే దాన్ని వదిలించుకునే తొందరలో పుస్తకం మూసి జ్ఞాపకం చేసుకునే అలవాటును కూడా వదిలేశాం. అది మాత్రం నష్టమే.

కటకాల పాఠం చూడండి. వస్తు దూరానికి మైనస్ పెట్టాలి, పుటాకార కటకానికి నాభ్యంతరం కూడా మైనస్సే. ఈ నియమం ప్రతి నోట్సులోనూ గళ్లు కట్టి ఉంటుంది. అడిగితే టక్కున చెప్తారు. లెక్క ఇచ్చి గడియారం పెడితే సగం మంది వస్తు దూరాన్ని ప్లస్‌గానే వేసి ముందుకు పోతారు. ఆ తప్పు నోట్సులో దొరకదు, చేసినప్పుడే దొరుకుతుంది. ఒకసారి ఎర్ర సిరాలో తన పేపరు మీద చూసుకున్న పిల్లాడు రెండోసారి దూరం రాసేముందు ఆగుతాడు. నేను కోరుకునేది ఆ ఒక్క క్షణం ఆగడమే.

అలాగని నోట్సు అక్కర్లేదని చెప్పను. పాఠం అర్థంకాని పిల్లకు పేపరు ఇవ్వడం శిక్ష వేసినట్టే. శ్రేణి సంధానానికీ సమాంతర సంధానానికీ తేడా తెలియనప్పుడు పది పేపర్లు రాసినా సున్నాలే వస్తాయి, ఆ సున్నాలు ఆమెకు ఏమీ నేర్పవు. పాఠం మొదటిసారి జరుగుతున్నప్పుడు, జూన్ నుంచి డిసెంబరు దాకా, తన మాటల్లో రాసుకునే నోట్సుకు సాటి లేదు. తన మాటల్లో అన్నది ముఖ్యం. రాత వంకరగా ఉన్నా ఫర్వాలేదు.

ఇటీవల మరో రకం అతి కూడా చూస్తున్నాను. కొన్ని రెసిడెన్షియల్ బడుల్లో రోజూ పరీక్షే. పొద్దున స్లిప్ టెస్టు, మధ్యాహ్నం బిట్ పేపరు, ఆదివారం గ్రాండ్ టెస్టు. మార్కులు బోర్డు మీద పడతాయి, పేపర్లు కట్టలు కట్టి మూల పడతాయి. ఏది ఎందుకు తప్పయిందో కూర్చుని చూసే తీరికే పిల్లలకు ఉండదు. అలా అయితే వాళ్లు సాధన చేస్తున్నది తప్పునే. రాయడానికి మూడు గంటలు పడితే, దిద్దుకుని, తప్పయినవి మళ్లీ చేయడానికి ఇంచుమించు అంత సమయమూ కేటాయించాలి. వారానికి రెండు పేపర్లే రాసినా ఇలా రాస్తే చాలు.

కొత్త నోట్సు పుట్టాల్సింది ఇక్కడే. నా తరగతిలో జనవరి తర్వాత ఫెయిర్ నోట్సు ఆపేయిస్తాను. బదులు ఒక సన్నపాటి పుస్తకం పెట్టమంటాను. పేపరులో పోయిన ప్రతి మార్కుకూ అందులో ఒక వరస: ప్రశ్న ఏ పాఠంలోది, ఎక్కడ తప్పాను, సరైన అడుగు ఏది. ‘ఓమ్ రాయలేదు’, ‘కిరణానికి బాణం గుర్తు మరిచాను’, ‘ప్రశ్నలో రెండు భాగాలున్నాయి, ఒకటే రాశాను’. ఏ గైడులోనూ దొరకని నోట్సు ఇది, ఎందుకంటే ఏ ఇద్దరిదీ ఒకేలా ఉండదు. “సార్, ముందు నోట్సంతా చదివేసి తర్వాత పేపర్లు మొదలెడతాం” అని ఏటా ఎవరో ఒకరు అంటారు. పేపరు రాస్తేగాని ఏం చదవాలో తెలియదు నాన్నా అంటాను.

వేళ సంగతి కూడా పేపరే నేర్పుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి లెక్కల పేపరు 100 మార్కులకు 33 ప్రశ్నలు. వాటిలో ఎనిమిది మార్కులవి అయిదు, అంటే 40 మార్కులు. ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలు పోగా మిగిలేది మూడు గంటలు. మార్కుల లెక్కన పంచితే ఒక ఎనిమిది మార్కుల ప్రశ్నకు పద్నాలుగు నిమిషాలకు కాస్త ఎక్కువ. గ్రాఫు గీయడానికి తనకు నిజంగా ఎంతసేపు పడుతుందో ఇంట్లో గడియారం పెట్టుకుని గీస్తేనే తెలుస్తుంది. ఆ గ్రాఫు దగ్గరే వేళంతా పోగొట్టుకుని, వచ్చిన రెండు మార్కుల ప్రశ్నలు వదిలేసి బయటికొచ్చి ఏడ్చిన పిల్లల్ని చూశాను.

అన్ని సబ్జెక్టులకూ ఒకటే పాలు కుదరదు. లెక్కలకు సూత్రాల కాగితం ఒకటి చాలు, మిగతాదంతా చేయడమే. జీవశాస్త్రంలో నెఫ్రాన్, గుండె బొమ్మలు పుస్తకం మూసి గీసి, భాగాలు గుర్తించి, తర్వాత తెరిచి సరిచూసుకోవాలి. సోషల్‌కు మాత్రం నోట్సు చివరిదాకా పనికొస్తుంది, కాకపోతే పేరాలుగా కాదు, ఒక్కో జవాబుకు నాలుగైదు మాటలుగా. ఆ మాటల్ని పట్టుకుని జవాబు మొత్తం అల్లడం సాధన. మ్యాపు పాయింటింగ్ చూసి నేర్చుకున్నవాళ్లు పరీక్షలో గోదావరిని ఎక్కడ మొదలుపెట్టాలో తడబడతారు. ఖాళీ మ్యాపు మీద పదే పదే గుర్తించినవాళ్లకు ఆ తడబాటు ఉండదు.

ఇంతమంది పేపర్లు ఎవరు దిద్దుతారన్నది నిజమైన ఇబ్బందే. రెండు సెక్షన్లకు ఒక్కడే టీచరున్న బడులు మనకు చాలా ఉన్నాయి. నేను ఇద్దరిద్దరిని జత చేసి, కీ చేతికిచ్చి, పేపర్లు మార్చుకుని దిద్దమంటాను. పక్కవాడి జవాబులో అర మార్కు ఎందుకు తగ్గించాలో వాదించుకుంటున్నప్పుడు ఇద్దరికీ ఆ పాఠం మళ్లీ జరుగుతుంది. సరిపడనివి నా బల్ల దగ్గరికి తెస్తారు. వాటిని నేనే చూస్తాను.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ప్రీ ఫైనల్ పేపర్లు ఇంటికి వచ్చినప్పుడు మొదటి పేజీలో మార్కులు చూసి కోప్పడి పక్కన పడేయకండి. ఆ సాయంత్రం టీవీ కట్టేసి, ఆ పేపరూ ఆ సన్న పుస్తకమూ ముందేసుకుని కూర్చోనివ్వండి. చదువుకున్నవాళ్లయితే పక్కన కూర్చోండి. చదువు రానివాళ్లయినా ఫర్వాలేదు, పుస్తకం మీ చేతిలోకి తీసుకుని, ఇక్కడ ఎందుకు తప్పయిందో చెప్పమని అడగండి. వాళ్లు మీకు చెప్పడం మొదలుపెడతారు.